పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు

కువైట్‌లో దిగింది జూన్ నెల, మిట్టమధ్యాహ్నం. విమానాశ్రయం అద్దాల తలుపు దాటగానే వేడి ముఖాన కొట్టింది. ఫౌజులో ఉండగా రాజస్థాన్ సరిహద్దులో మూడు ఎండాకాలాలు గడిపినవాణ్ణి. ఎండ నాకు కొత్త కాదు. కాకపోతే అక్కడ పొద్దు వాలితే ఇసుక చల్లబడుతుంది. ఇక్కడి ఇసుకకు ఆ మర్యాద కూడా లేదు.

కారు పంపారు. డ్రైవరు బంగ్లాదేశీ. "హవల్దార్?" అని అడిగాడు. "హా" అన్నాను. ఫర్వానియా మీదుగా వెళ్లాం. బాల్కనీలకు లుంగీలు వేలాడుతున్నాయి. తెలుగు బోర్డున్న కిరాణా కొట్టు ఒకటి కనపడింది. మా రాయచోటి వాళ్లు ఇక్కడే గదులు పంచుకుని ఉంటారని విన్నాను, ఇక్కడే దించుతాడేమో అనుకున్నాను. దించలేదు. ఊరు దాటాక రోడ్డు ఎడారిలో పడింది. కాసేపటికి ఆ రోడ్డు కూడా పోయి మట్టిదారి మిగిలింది. చివర ఇనుప కంచె, గేటు, గేటు మీద తుపాకి బొమ్మ.

కువైట్‌లో ఏం చేశావు, ఒంటెలు కాశావా అని ఊళ్లో జనం ఇప్పటికీ అడుగుతుంటారు. కాయలేదు. సల్వాలో ఉండే ఒక పెద్ద ఆసామి సొంత షూటింగ్ రేంజిలో సేఫ్టీ డ్యూటీ చేశాను. ఆయనే మా కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానిని బాబా అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. సర్కారు లైసెన్సుతో నడిచే రేంజి. పద్దెనిమిదేళ్లు పటాలంలో చేసినవాడు ఏ మాల్ గుమ్మం ముందో నిలబడి సంచులు తడిమే కన్నా ఇది నయమనుకున్నాను. అనుకోవడానికేం, ఏమైనా అనుకోవచ్చు.

సామాను ఇచ్చారు. ఖాకీ బట్టలు రెండు జతలు, నల్ల కళ్లద్దాలు, చెవులకు మఫ్, ఒక వాకీటాకీ. ఖాకీ భుజాల మీద పట్టీ లేదు, గుర్తు లేదు. ఆ ఖాళీ భుజాలు చూసుకుంటే నాకు మొదటిరోజే ఒళ్లు మండింది.

నేల సంగతి చెప్తాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఇటు చివర రేకుల షెడ్డు. దాని కింద సిమెంటు అరుగు. కాల్చేవాళ్లు ఆ అరుగు మీద బోర్లా పడుకుంటారు. అటు చివర, ఆరు వందల మీటర్ల అవతల, ఎత్తైన మట్టిగట్టు. గట్టుకు ముందు నేలలో తవ్విన గొయ్యి, లోపల సిమెంటు గోడ. ఫౌజులో దాన్ని బట్ అంటాం. ఆ గోతిలో ఒక మనిషి కూర్చుంటాడు. ఇనుప చట్రానికి కాగితం టార్గెట్ బిగించి, తాడు లాగి నేల మీదికి లేపుతాడు. ఇక్కణ్ణించి కాలుస్తారు. బుల్లెట్ అతని తలపైన నుంచి పోయి కాగితాన్ని చించుకుని గట్టులో దిగుతుంది. అతను కాగితం కిందికి దించి, చిల్లు ఎక్కడ పడిందో చూసి, వాకీలో చెప్పి, చిల్లుకు అతుకు వేసి మళ్లీ లేపుతాడు.

గోతిలో ఒక కర్రకు ఎర్రజెండా ఉంటుంది. అది పైకి లేచిందంటే కాల్పులు ఆగిపోవాలి. లేపింది ఎవరు, ఎందుకు లేపారు అని అడగడం ఉండదు. కాల్చేవాడు జనరల్ అయినా సరే, తుపాకి వెనక గొళ్లెంలా ఉండే బోల్టు తెరిచి, చేతులు తీసి కూర్చోవాలి. ప్రపంచంలో ఎక్కడైనా రేంజి నడిచేది ఈ ఒక్క నమ్మకం మీద. నా డ్యూటీ అంతా ఆ జెండా వైపు చూడటమే.

ఇక లోడర్.

నాకు ఇచ్చిన కంటెయినర్ గదిలో అప్పటికే ఒక మంచం మీద మనిషి ఉన్నాడు. వాడిదీ మన ఫౌజే, ఆయుధాల వర్క్‌షాపులో తుపాకులు బాగుచేసి నాయక్‌గా దిగిపోయాడు. కోనసీమ మనిషి. సన్నగా, తెల్లగా, గోళ్లు కత్తిరించుకుని, డాక్టరులా ఉంటాడు. నా పెట్టె చూసి, బూట్లు చూసి, "ఇన్‌ఫాంట్రీ అన్నమాటండి" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎంత చులకన పట్టించాలో అంతా పట్టించాడు. గోదావరి వాళ్లు తిట్టినా చివర అండీ తగిలిస్తారు. దాంతో తిరిగి తిట్టడానికి మనకు చోటు దొరకదు.

"మరి నువ్వు?" అన్నాను.

"మీరు పేల్చేవి మేం తయారు చేస్తామండి. మేం లేకపోతే మీ చేతిలోది కర్రేనండి."

ఆ రోజు నుంచి ఒకే గదిలో రెండు శత్రు శిబిరాలు. నేను ఏసీ పెంచితే వాడు తగ్గిస్తాడు. నా రాగిసంగటి వాసన వాడికి పడదు, వాడి ఎండుచేపల వాసన నాకు పడదు. మా కడపవైపు వాళ్ల మీద వాడి దగ్గర ఒకే జోకు. "మీ సీమోళ్లకి నాటుబాంబులు తెలుసు గానండి, బుల్లెట్ సంగతి మీకెందుకండి." నేను మా పటాలంలో నేర్చిన బూతులన్నీ మనసులోనే తిట్టుకునేవాణ్ణి. పైకి అంటే ఇద్దరి ఇఖామాకూ, ఆ దేశంలో ఉండనిచ్చే కార్డుకు, ముప్పే.

వాడి పని చేత్తో రౌండ్లు నింపడం. బాబా కొట్లో కొన్న రౌండ్లు కాల్చడు. ఖాళీ ఇత్తడి గొట్టంలో లోడర్ మందు తూచి పోసి, పైన బుల్లెట్ బిగించి, ఒక్కోటీ చేత్తో తయారు చేయాలి. తూచేటప్పుడు ఫ్యాను ఆపేస్తాడు. ఊపిరి కూడా అటు తిప్పి వదులుతాడు. నాకు వాడంటే మంట. పనిలో మాత్రం వంక పెట్టలేను. అదే ఇంకా మంట.

బాబాకు ఒక పంతం ఉంది. ఏటా జనవరిలో ఆయనా, ఆయన భార్య తమ్ముడూ ఈ రేంజిలో పోటీ పడతారు. పది రౌండ్లు, ఆరు వందల మీటర్లు, చుట్టాలూ స్నేహితులూ అందరూ చూస్తుండగా. కిందటేడు బాబా ఓడిపోయాడు. గాలి ఎత్తుకుపోయిందన్నాడు. బరువైన, పొడుగైన బుల్లెట్‌ను గాలి అంతగా పక్కకు నెట్టలేదు, అది నిజమే. ఆ మాట ఆయన ఎక్కడో విన్నాడు. జులైలో లోడర్‌ను పిలిచి, దొరికేవాటిలో అన్నిటికన్నా బరువైన బుల్లెట్లు తెప్పించాను, వీటితో నింపు అని హుకుం వేశాడు.

చిక్కేమిటంటే తుపాకి. అది బాబా తండ్రి వాడిన పాత రైఫిల్. నున్నటి నల్లకర్ర, మంచి గురి. దాని గొట్టం లోపల బుల్లెట్‌ను తిప్పే గాడులు ఎంత మెలిక తిరిగాయో లోడర్ ఆ సాయంత్రమే కొలిచాడు. ఊచకు గుడ్డ చుట్టి, గొట్టంలోకి దూర్చి, ఊచ మీద గీత పెట్టుకుని మెల్లగా లాగాడు. లాగుతుంటే ఊచ తనంతట తానే తిరుగుతోంది. ఒక చుట్టు పూర్తయ్యే చోట ఆపి, టేపు పెట్టాడు.

"పన్నెండు అంగుళాలకి ఒక చుట్టండి" అన్నాడు, నాతో కాదు, గోడతో.

"అయితే ఏమి?" అన్నాను.

"బొంగరం పొట్టిదైతే కాస్త తిప్పినా నిలబడుద్దండి. పొడుగ్గా ఉన్నదాన్ని గట్టిగా తిప్పకపోతే పడిపోద్దండి. ఈ కొత్త బుల్లెట్టు పొడుగుదండి. ఈ గొట్టం తిప్పుడు దీనికి చాలీ చాలనట్టు ఉందండి. గొట్టం మార్చాలి."

బాబాతో కూడా అదే చెప్పాడు, హిందీలో. నేను పక్కనే ఉన్నాను. బాబా తుపాకి మీద చెయ్యి వేసి, ఇది మా నాన్న తుపాకి, మార్చడం మాఫీ, అంటే లేదు, నీకు చేతకాకపోతే చెప్పు, చేతనైనవాణ్ణి తెచ్చుకుంటాను అన్నాడు. లోడర్ మడమలు కలిపాడు. "హో జాయేగా బాబా" అన్నాడు.

అయిపోతుంది బాబా. ఫౌజు మా ఇద్దరికీ మొదట నేర్పింది ఆ మాటే. కాదు సాబ్ అనే మాట ఎవరూ నేర్పలేదు. అవతలివాడు సాబ్ అయితే చాలు, వెన్ను దానంతటదే నిటారుగా లేస్తుంది. ఆ పూట బాబా ముందు నేనున్నా అదే అనేవాణ్ణి, అందులో వాడిని తప్పు పట్టను.

ఆగస్టులో బాబా కుటుంబమంతా చల్లని దేశాలకు పోతుంది. కువైట్‌లో పెద్ద ఇళ్లన్నీ అంతే. మామా అని పిలిచే ఇంటావిడ, పిల్లలు, బాబా అంతా పోతే ఇళ్లు పనివాళ్ల చేతుల్లో మిగులుతాయి. తుపాకి పెట్టె బీగంచెవి కూడా లోడర్ చేతికే వచ్చింది. ఆ నెలంతా రేంజి మాది. ఏ కొత్త పనైనా, ఏ రిపేరైనా, ఏ పరీక్షైనా మేం ఆ నెలలోనే చేసుకోవాలి. మిగతా ఏడాదంతా బాబా కళ్ల ముందు పరీక్షలు కుదరవు.

లోడర్ ఎండలో పడుకుని కాల్చాడు. అరుగు మీద తడిగోనె పరిస్తే నిమిషాల్లో ఆరిపోయేది. గోతిలో నేను కూర్చున్నాను. కాగితం దించి చూస్తే, నిజం చెప్పాలి, చిల్లులు గుండ్రంగా ఉన్నాయి. దబ్బనంతో గుచ్చినట్టు శుభ్రంగా, ఒకదాని పక్కన ఒకటి, ఒక అరచేతిలో కప్పేసేంత జాగాలో. పొడుగు బుల్లెట్ నిలబడింది. వాకీలో చెప్పాను. అటునుంచి "థాంక్సండి" అని వినపడింది. అక్కడున్నన్నాళ్లూ వాడు నాతో మర్యాదగా అన్న మాట అదొక్కటే. ఆ కాగితాన్ని తెచ్చి మంచం పైన గోడకు అంటించుకున్నాడు. రోజూ పడుకునే ముందు దాన్ని చూసేవాడు, తర్వాత నన్ను చూసేవాడు.

అక్టోబరులో మా బావ వచ్చాడు.

మా అక్క మొగుడు. ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో ఏళ్ల తరబడి డ్రైవరు. మోకాలు పట్టేసి కారు నడపలేకపోతే ఆ ఇంటివాళ్లు వద్దన్నారు. నేనే బాబాను బతిమాలి ఇఖామా ఇక్కడికి మార్పించాను. గోతిలో కూర్చునే పనైతే మోకాలికి ఇబ్బంది ఉండదు కదా అనుకున్నాను. అక్క ఫోనులో ఒకే మాట అంది. "ఈయప్పను నీ చేతిలో పెట్టినా. మళ్లా నా చేతిలో పెట్టు." అంత నిష్టూరంగా ఎందుకంటుందో అప్పుడు అర్థం కాలేదు.

బావకు గొయ్యి బాగా నచ్చింది. "యాడ దొరుకుతాదప్పా ఇట్లాంటి పని. నీడ ఉండాది, కుర్చీ ఉండాది, తలపైన టపాకాయలు" అనేవాడు. లోడర్‌తో కూడా కలిసిపోయాడు. వాడి ఎండుచేపలు తిన్నాడు. నేను ముఖం చిట్లిస్తే, "మనోడే లేప్పా" అన్నాడు. మా బావకు ఎవరైనా మనోడే.

డిసెంబరు పోయింది. ఎడారి చలి అంటే నమ్మరు గానీ పొద్దున్నే ఐదు డిగ్రీలు. ఇసుక మీద చెయ్యి పెడితే తడిబండలా తగులుతుంది. వాయవ్యం నుంచి గాలి. బావ రెండు స్వెటర్లు వేసుకుని, తలకు మఫ్లరు చుట్టుకుని గోతిలోకి దిగేవాడు.

పోటీకి రెండు రోజుల ముందు బాబా ప్రాక్టీసుకు వచ్చాడు. పొద్దున ఏడు. కొత్త రౌండ్లతో ఆయన కాల్చడం అదే మొదలు. మూడు కాల్చాడు.

వాకీలో బావ గొంతు. "ఫైరింగ్ పాయింట్, బట్."

"చెప్పు బావా."

"రెండు బాగుండాయి. ఒకటి... ఒకటి పొడుగ్గా ఉండాదప్పా. అగ్గిపుల్ల పండబెట్టినట్టు."

కాల్పులు ఆపించి నడిచాను. కాగితం చూశాను. చిల్లు కాదది. బుల్లెట్ మొన, నడుము, వెనకభాగం అన్నీ అచ్చు దిగినట్టు కోసుకుపోయింది. ముక్కుతో రావాల్సింది పక్కకు తిరిగి వచ్చింది. అట్లా తిరిగిన బుల్లెట్ ఎటు పోతుందో దానికే తెలియదు. కిందికి దిగితే చట్రం ఇనుము, గోతి అంచు, వాటి కింద మా బావ.

కాగితం తెచ్చి వర్క్‌షాపులో లోడర్ ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. వేలు పెట్టి ఆ అచ్చు పొడుగు కొలిచాడు. ముఖంలో రక్తం దిగిపోవడం నేను చూశాను. వాడికి తెలిసింది. అప్పుడే, అక్కడే తెలిసింది.

"కాగితం లూజుగా బిగించారండి" అన్నాడు.

"కాగితమా?"

"గాలికి అల్లాడితే చిరుగుద్దండి. మీ బావగారికి బిగించడం తెలీదండి."

"నీ గోడ మీద కాగితం తీసి సూడు రా. దీన్ని పక్కన పెట్టి సూడు. గుడ్డోడికి కూడా కనపడతాది."

"గౌరవం ఇచ్చి మాట్లాడండి హవల్దారు గారూ. రౌండ్లు నావి. ఆగస్టులో మీరే చూశారు, మీరే చెప్పారు వాకీలో."

నేను నేరుగా బాబా దగ్గరికి పోయాను. బాబా లోడర్‌ను పిలిచాడు. రౌండ్లలో ముష్కిల్ ఉందా? లోడర్ నా వైపు చూడలేదు. మడమలు కలిపాడు. "మాఫీ ముష్కిల్, బాబా." ఇబ్బందేమీ లేదట. అంతే. ఖలాస్. నేను కోపంతో ఆ పూట అన్నం తినలేదు. గదిలో ఇద్దరం చెరో గోడకు తిరిగి పడుకున్నాం.

బావతో అన్నాను, ఎల్లుండి ఒంట్లో బాగాలేదని పడుకో అని.

"అట్ల పడుకుంటే ఇంటికి పంపిస్తారు. ఈ వయసులో మోకాలు పట్టేసినోనికి ఇంకో కఫీల్ యాడ దొరుకుతాడు?" అన్నాడు. "ఒగ బుల్లెట్టు అడ్డం పడిందని అంత భయపడితే ఎట్లప్పా, మిల్ట్రీవాడివి."

పోటీ రోజు. గుడారాలు వేశారు. చుట్టాల కార్లు వరుసగా. గావా అనే అరబ్బు కాఫీ, ఖర్జూరాలు. ఏడున్నరకు బాబా బావమరిది మొదట కాల్చాడు. కొత్త తుపాకి, మామూలు రౌండ్లు. బావ ఒక్కొక్కటీ చెబుతుంటే నేను గట్టిగా వినిపించాను. మంచి స్కోరు.

తర్వాత బాబా పడుకున్నాడు. నేను ఆయన ఎడమ పక్కన మోకాళ్ల మీద, కళ్లు గట్టు వైపు.

మొదటి రౌండు. బావ కాగితం దించాడు. "ఏమీ లేదు. కాగితం మీద లేనే లేదు." బాబా, "హవా" అన్నాడు. గాలట.

రెండో రౌండు. కాల్చిన చప్పుడు వెనకే టంగ్ మని ఇనుము మోగింది. ఆరు వందల మీటర్ల నుంచి కూడా స్పష్టంగా వినపడింది. తర్వాత బావ గొంతు, ఎప్పుడూ వినని గొంతు.

"అప్పా, చట్రానికి తగిలింది. ముక్కేదో లోపల పడింది. నా చెయ్యి..."

"స్టాప్ ఫైర్" అని అరిచాను. బోల్టు తెరవమన్నాను. బాబా తెరిచాడు గానీ కళ్లలో నిప్పులు. చుట్టాలంతా చూస్తున్నారు.

"చెయ్యి ఏమైంది బావా?"

"స్వెటరు కోసుకుపోయింది. తోలు లేచింది. ఏమీ కాలేదులే."

ఏమీ కాలేదు. రెండు స్వెటర్లు వేసుకున్నందుకు కాలేదు. మా అక్క మాట చెవిలో మోగింది. బాబా లేచి కూర్చుని లోడర్‌ను పిలిచాడు. అందరి ముందు. రౌండ్లు బాగున్నాయా లేదా?

నేను వాడి కళ్లలోకి చూస్తూనే ఉన్నాను. చెప్పు, ఒక్క మాట చెప్పు, నీకు తెలుసు.

"బాగున్నాయి బాబా."

"అయితే మా బావను బయటికి తీస్తున్నాను" అని హిందీలో బాబాతో అన్నాను. గోతిలో మనిషి లేకపోతే పోటీ ఎలా అని బాబా అరిచాడు. చుట్టాల్లో ఎవరో నవ్వారు. తెలుగులోకి తిరిగి లోడర్‌తో అన్నాను. "నీ రౌండ్లు అంత బాగుంటే నువ్వే పోయి కూర్చో."

కూర్చుంటాడని అనలేదు. వాణ్ణి అందరి ముందు సిగ్గుపడేలా చెయ్యాలని అన్నాను.

వాడు చేతిలో ఉన్న గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అలాగేనండి" అన్నాడు. షెడ్డు దిగి ఇసుకలో నడిచాడు. వాడు పోయిన దారిలోనే బావ కుంటుతూ వచ్చాడు. మధ్యలో ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు. బావ తన మఫ్లరు తీసి వాడి మెడకు చుట్టాడు.

నా దగ్గరికి వచ్చాక బావ అన్నాడు, "గోతిలో యా మూల కూర్చుంటే తగలదని అడిగినాడప్పా ఆయప్ప."

వాకీలో, "బట్ రెడీ అండి."

మూడో రౌండు. బాబా కాల్చాడు. కాగితం కిందికి దిగింది. ఇక పైకి రాలేదు. వాకీలో మాట లేదు. నేను రెండుసార్లు పిలిచాను.

అప్పుడు ఎర్రజెండా లేచింది.

నాకు అర్థం కావడానికి ఒక్క ఊపిరి పట్టింది. వాడే లేపాడు. తన రౌండ్ల మీద, తన ఆగస్టు కాగితం మీద, తన హో జాయేగా మీద, బాబా చుట్టాలందరి ముందు తనే ఎర్రజెండా లేపాడు. "స్టాప్ ఫైర్, ఫ్లాగ్ అప్" అని అరిచాను.

బాబా కన్ను తుపాకి మీది దుర్భిణీకి అంటుకుని ఉంది. ఆయనకు జెండా కనపడుతోంది. కనపడకుండా ఎలా ఉంటుంది, గురి పెట్టిన చోటే ఉంది. "యల్లా, కానీ, ఇంకొక్కటి" అన్నాడు, ఎవరితోనో తెలియదు. నా చెయ్యి బోల్టు మీద పడేలోపు తుపాకి పేలింది.

జెండా వెనక్కి గుంజినట్టు ఎగిరి, మళ్లీ నిలబడింది. దిగలేదు.

బోల్టు ఎత్తి వెనక్కి లాగాను. ఖాళీ ఇత్తడి గొట్టం ఎగిరి బాబా చెంపకు తగిలింది. తుపాకి ఆయన చేతుల్లోంచి గుంజుకుని పక్కన పెట్టాను. యజమాని చేతిలోంచి తుపాకి లాక్కున్నాను. బాబా నా ఛాతీ మీద గుద్దాడు. నేను కదల్లేదు. తర్వాత ఆయన ఏమేమి అరిచాడో నాకు సగం అరబ్బీ అర్థం కాలేదు, అర్థమైన మాట ఒకటే. ఇఖామా ఖలాస్. ఆయన బావమరిది మాత్రం లేచి తన తుపాకిని పెట్టెలో పెట్టి మూత వేశాడు. జెండా పైకి ఉందని చేత్తో చూపించి, కారు ఎక్కి వెళ్లిపోయాడు.

నేను గోతి వైపు పరుగెత్తాను. ఆరు వందల మీటర్లు ఇసుకలో. జెండా అలాగే ఉంది.

లోడర్ గోతి మూలలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తల మోకాళ్ల మధ్య దాచుకున్నాడు. రెండు చేతులూ పైకి చాచి కర్ర పట్టుకున్నాడు. గోతిలో నుంచి జెండా మాత్రమే బయటికి కనపడేంత ఎత్తు. దెబ్బ తగల్లేదు. పాంటు తడిసిపోయింది. నేను దిగింది కూడా వాడికి తెలియలేదు. వేళ్లు విప్పుదామంటే రాలేదు. పైన గుడ్డ వైపు చూశాను. నడిమధ్యలో చిల్లు, వేలంత పొడుగు, అడ్డంగా. మొన, నడుము, వెనకభాగం అన్నీ తెలుస్తున్నాయి.

"చలండీ" అన్నాడు, తల ఎత్తకుండా.

"ఏమి?"

"చలిలో గాలి చిక్కగా ఉంటదండి. మందు జోరు కూడా తగ్గుద్దండి. ఎండలో చాలీ చాలని తిప్పుడు చలిలో అసలు చాలదండి. నేను ఆగస్టులో చేశానండి. ఖాళీ దొరికింది ఆగస్టులోనేనండి." ఆగాడు. "మొన్న ఆ కాగితం చూసినప్పుడే తెలిసిందండి. బాబా ముందు నోరు రాలేదండి."

నాకు వాణ్ణి అక్కడే తన్నాలనిపించింది. మా బావ చెయ్యి గీసుకుపోకముందు ఆ నోరు వచ్చి ఉంటే ఏం పోయేది? అనలేదు. జెండా కర్ర వదలకుండా పట్టుకున్నవాణ్ణి తన్నకూడదు. "లేయ్" అన్నాను. లేచాడు. కర్ర వదల్లేదు. దాన్ని నేను వాడి చేతుల్లోంచి ఒక్కో వేలూ విప్పి తీసుకోవాల్సి వచ్చింది.

వీసాలు రద్దయ్యాయి. నాదీ, వాడిదీ. బావ మళ్లీ గోతిలోకి దిగనన్నాడు, ఆయనదీ రద్దయింది. నాకేమీ బాధ లేదు. అక్కకు ఫోను చేసి, తెస్తున్నాను, చేతిలో పెడతాను అన్నాను. ఆమె ఏడ్చింది.

ముగ్గురం ఒకే విమానంలో వచ్చాం. వరుసలో మధ్యన బావ, చెరో పక్కన మేం. బావ ఇద్దరికీ చెరో జంతిక ఇస్తూ మాట కలపాలని చూశాడు. కలవలేదు. ఈ రోజుకీ వాడంటే నాకు పడదు. ఒకసారి ఫోను చేశాడు, ఎత్తలేదు. మా బావ మాట్లాడుతుంటాడు వాడితో, వాడి క్షేమసమాచారాలు చెబుతుంటాడు, నేను వినను.

మద్రాసు విమానాశ్రయం బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు లోడర్ నా దగ్గరికి వచ్చాడు. వాడు రైలుకు పోవాలి. మెడకు ఇంకా బావ మఫ్లరే ఉంది.

"హవల్దారు గారూ. ఆ జెండా ఏం చేశారండి?"

"దించలేదు" అన్నాను.

నిజంగానే దించలేదు. ఆ రోజు వాణ్ణి గోతిలోంచి ఎక్కించాక, కర్రను నేనే పట్టుకుని పైకెక్కి, మట్టిగట్టు మీద లోతుగా గుచ్చి, బూటుతో చుట్టూ తొక్కాను. జెండా ఉన్నంతసేపు ఆ రేంజిలో ఎవడూ కాల్చడానికి లేదు. మమ్మల్ని ఎక్కించుకున్న కారు గేటు దాటేటప్పుడు కూడా అది అక్కడే ఉంది. ఎవరికీ తీసే తీరిక లేదో, ధైర్యం లేదో.

"ఆయ్" అన్నాడు. తల ఊపి, పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు.

కువైట్ అంటే నాకు అరబ్బు షేకులు గుర్తుకు రారు, ఎండ గుర్తుకు రాదు. కారు వెనక అద్దంలోంచి చూస్తే ఖాళీ ఎడారి, గట్టు, దాని మీద ఎర్రజెండా. గాలి ఆగితే కర్రకు చుట్టుకుంటుంది. గాలి లేస్తే విచ్చుకుంటుంది, అప్పుడు ఆ పొడుగు చిల్లు కనపడుతుంది, అందులోంచి అవతలి ఆకాశం. వాడి చేతులు ఆ చిల్లుకు మూరెడు కింద ఉన్నాయి ఆ రోజు. అప్పుడు కూడా కర్ర దించలేదు వాడు.